బల్ల మీద పెట్టుకునే ఆర్కేడ్ క్యాబినెట్: తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కట్టుకోవడం ఎలా

నిలువెత్తు ఆర్కేడ్ క్యాబినెట్ (తెర, స్టిక్కు, బటన్లు అన్నీ ఒకే పెట్టెలో ఉండే వీడియో ఆటల యంత్రం) చూడ్డానికి బాగుంటుంది గానీ చెక్క రెట్టింపు పడుతుంది, గదిలో ఒక మూలను శాశ్వతంగా ఆక్రమిస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లకు బల్ల మీద పెట్టుకునే రకమే నయం. కింద ఇచ్చిన కొలతలు ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఆడే పెట్టెకు సరిపోతాయి: వెడల్పు 600 మి.మీ., లోతు 430 మి.మీ., ఎత్తు 620 మి.మీ. ఇద్దరు పెద్దవాళ్లకు భుజాలు రాసుకుంటాయి, అంతకు మించి ఇబ్బంది ఉండదు. 15 మి.మీ. మందం ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక) సగం షీటు, అంటే 1220 × 1220 మి.మీ. ముక్క, మొత్తం పెట్టెకు చాలు.

ఒక మాట ముందే. తెర పాతదైనా, కంప్యూటరు పాతదైనా, చెక్క చవకదైనా ఆట చెడదు. స్టిక్కు, బటన్లు నాసిరకమైతే మాత్రం మిగతాదంతా ఎంత బాగా కట్టినా వారం తర్వాత ఎవరూ ముట్టుకోరు. పొదుపు చెక్క దగ్గర చేయండి, చేతికి తగిలే వస్తువుల దగ్గర వద్దు.

తెర ఎంపిక

పాత 19 అంగుళాల 5:4 ఎల్‌సీడీ మానిటర్ దొరికితే వదలకండి. పాత ఆర్కేడ్ ఆటల్లో చాలావాటి బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉంటుంది. 19 అంగుళాల 5:4 తెర మీద ఆ బొమ్మ సుమారు 376 × 282 మి.మీ. వస్తుంది. 22 అంగుళాల 16:9 వెడల్పు తెర మీద అదే బొమ్మ 365 × 274 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. అంటే పెద్ద తెర కొని చిన్న బొమ్మ చూసినట్టు. వెడల్పు తెరే చేతిలో ఉంటే వాడుకోండి, పెట్టె లోపలి వెడల్పు 570 మి.మీ. కాబట్టి అదీ పడుతుంది.

మానిటర్ తీసుకునే ముందు మూడు చూడాలి. ఒకటి, వెనక 100 × 100 మి.మీ. వెసా రంధ్రాలు (గోడకు బిగించడానికి ఇచ్చేవి) నాలుగు ఉన్నాయా. రెండు, తెర వెలుగుతున్నప్పుడు ప్లగ్గు పీకి మళ్లీ పెడితే దానంతట అదే వెలుగుతోందా. కొన్ని మానిటర్లు కరెంటు పోయి వస్తే స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. అలాంటిదాన్ని పెట్టెలో బిగిస్తే ప్రతిసారీ వెనక పలక విప్పి బటన్ నొక్కాల్సిందే. మూడు, కింద నుంచి చూస్తే బొమ్మ నల్లబడుతోందా. పాత టీఎన్ ప్యానెళ్లకు ఈ గుణం ఉంటుంది. అందుకే తెరను వెనక్కి వాల్చి, కూర్చున్నవాళ్ల చూపు దానికి దాదాపు లంబంగా తగిలేలా పెడతాం. ఇలాంటి తెరను నిలువుగా తిప్పి బిగించకండి: ఇద్దరు ఆటగాళ్లకు రెండు రకాల రంగులు కనిపిస్తాయి.

స్టాండు మాత్రమే తీసేయండి, మానిటర్ ప్లాస్టిక్ డొల్ల విప్పకండి. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తర్వాత కూడా షాక్ కొట్టగలవు. డొల్ల విప్పినందువల్ల కలిసొచ్చేది నాలుగు వేళ్ల జాగా మాత్రమే.

కంప్యూటరు

రాస్‌ప్బెర్రీ పై 4, 2 జీబీ రకం (అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటరు), పాత ఆటలను నడిపే రెట్రోపై సాఫ్ట్‌వేర్, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు. ఇంతే. 1990ల దాకా వచ్చిన 2డీ ఆర్కేడ్ ఆటలకు ఇది చాలు. మూల పడి ఉన్న పాత పీసీ ఉంటే రెట్రోపై లాంటిదే అయిన బటొసెరా పెట్టి అదే వాడొచ్చు, ఒక ఖర్చు తగ్గుతుంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఫోన్ ఛార్జర్‌తో నడిపితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. వోల్టేజి పడిపోతోందని దాని అర్థం. ఆట నత్తనడక నడుస్తుంది, చివరికి కార్డు పాడవుతుంది.

పై 4లో ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ. మానిటర్‌కు డీవీఐ ఉంటే మైక్రో హెచ్‌డీఎంఐ-డీవీఐ కేబుల్ సరిపోతుంది. వీజీఏ ఒక్కటే ఉంటే మాత్రం ఉత్త కేబుల్ పనిచేయదు. లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ఈ రెండు దారుల్లోనూ మానిటర్‌కు శబ్దం రాదు కాబట్టి స్పీకర్లను పై 4 మీదున్న 3.5 మి.మీ. జాక్‌కు కలపాలి. పై 5లో ఆ జాక్ లేదు, చూసి కొనండి.

స్టిక్కులు, బటన్లు, ఎన్‌కోడర్లు

కావాల్సినవి: స్టిక్కులు 2, 30 మి.మీ. బటన్లు 12, స్టార్టు, కాయిన్, హాట్‌కీల (స్టార్టుతో కలిపి నొక్కితే ఆటను మూసే బటన్) కోసం 24 మి.మీ. బటన్లు 5, యూఎస్‌బీ ఎన్‌కోడర్లు 2. ఎన్‌కోడర్ అంటే బటన్ నొక్కుళ్లను కంప్యూటర్‌కు గేమ్‌ప్యాడ్ సంకేతాలుగా మార్చే చిన్న బోర్డు. "జీరో డిలే" పేరుతో దొరికే చవక బోర్డుల్లో 12 బటన్లకు చోటుంటుంది, వైర్లు కూడా వెంటే వస్తాయి.

బటన్లలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది మందం దగ్గర. నొక్కితే టక్కున కూర్చునే రకం పలచటి లోహపు రేకుకో, ప్లాస్టిక్ పలకకో చేసినది, 6 మి.మీ. చెక్కలో దాని కొక్కేలు పట్టవు. నట్టుతో బిగించే రకం 6 మి.మీ.కి సరిపోతుంది. పొడవాటి మరతో వచ్చే అమెరికన్ రకం బటన్లు 15 మి.మీ. చెక్కలోనూ కూర్చుంటాయి గానీ వాటికి రంధ్రం 28 మి.మీ. దగ్గర ఉండాలి, కింద లోతు 65 మి.మీ. పైనే కావాలి. స్టిక్కుదీ ఇదే కథ. మందపాటి చెక్క కింద బిగిస్తే కాడ పైకి సరిగా రాదు, బంతి ప్యానెల్‌కు అతుక్కున్నట్టు ఉంటుంది. అందుకే ఈ పెట్టెలో కంట్రోల్ ప్యానెల్‌కు మాత్రం ఎండీఎఫ్ వాడం, 6 మి.మీ. ప్లైవుడ్ వాడి, వంగకుండా కింద రీపర్లు కొడతాం.

స్టిక్కు కొనేటప్పుడు అడుగున ఉండే గేటు పలక (కాడ ఎటు కదలాలో హద్దు పెట్టేది) తిప్పి పెట్టుకునే వీలుందేమో చూడండి. 1980 నాటి పాక్‌మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్ నాలుగు దిక్కుల స్టిక్కుకు రాసిన ఆటలు. ఎనిమిది దిక్కుల స్టిక్కుతో ఆడితే మలుపు దగ్గర చెయ్యి కొంచెం ఏటవాలుగా పడినా బొమ్మ తిరగదు, ఆడేవాళ్లు తమ చేతినే తిట్టుకుంటారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 లాంటివాటికి ఏటవాలు దిక్కులు లేనిదే కుదరదు. చతురస్రపు గేటును 45 డిగ్రీలు తిప్పితే నాలుగు దిక్కుల స్టిక్కు అవుతుంది, వెనక్కి తిప్పితే మళ్లీ ఎనిమిది.

చెక్క ముట్టుకోకముందు

మానిటర్, పై, ఎన్‌కోడర్లు, బటన్లు అన్నీ బల్ల మీద పరిచి కలపండి. ఒక అట్టపెట్టె మూతకు రంధ్రాలు చేసి స్టిక్కు, బటన్లు దాన్లో బిగించి ఒక ఆట పూర్తిగా ఆడండి. పాడైన బటన్, తప్పు కేబుల్, నిద్రపోయే మానిటర్, అన్నీ ఇక్కడే బయటపడాలి. పెట్టెలో బిగించాక బయటపడితే ఒక పూట పని. చేతులు ఎక్కడ పడుతున్నాయో, మణికట్టు ఎక్కడ ఆనుతోందో కూడా ఈ అట్టముక్కే చెబుతుంది. కింద ఇచ్చిన దూరాలు మీ చేతికి ఇరుగ్గా అనిపిస్తే మార్చాల్సింది అట్ట మీదే.

పక్క పలకల గీత

430 × 620 మి.మీ. ముక్కలు రెండు. ముందువైపు కింది మూలను సున్నా అనుకోండి. మొదటి అంకె ముందు నుంచి వెనక్కి దూరం, రెండోది ఎత్తు, మిల్లీమీటర్లలో. ఈ చుక్కలు పెట్టి వరసగా కలపండి:

(0, 0), (0, 100), (200, 130), (308, 484), (220, 520), (220, 620), (430, 620), (430, 0).

రెండో, మూడో చుక్కల మధ్య గీత కంట్రోల్ ప్యానెల్ వాలు, 8 డిగ్రీల పైచిలుకు. మూడో, నాలుగో చుక్కల మధ్య తెర. పొడవు 370 మి.మీ., నిట్టనిలువు నుంచి 17 డిగ్రీలు వెనక్కి. ఆ తర్వాతది స్పీకర్ల పలక, దాని పైన 100 మి.మీ. మార్కీ, అంటే ఆట పేరు వెలిగే పలక. మీ మానిటర్ డొల్ల ఎత్తు 360 మి.మీ. దాటితే నాలుగో చుక్కనూ, దాని తర్వాతి వాటినీ అదే వాలులో పైకి జరపండి. ఆ మేరకు షీటూ పెరుగుతుంది.

లోపలి ముక్కలన్నిటి వెడల్పూ 570 మి.మీ.: అడుగు 400, వెనక పలక 590, పైకప్పు 200, స్పీకర్ల పలక 95, ముందు పట్టీ 85, మానిటర్ మోసే అడ్డపలక 140. షీటు దుకాణంలోనే కోయించుకునేట్టయితే పక్క ముక్కలు రెండూ ఒక వరసలో (430 + 430), వాటి పక్కన మిగిలే 360 మి.మీ. పట్టీలో 140, 95, 85 ముక్కలు, రెండో వరసలో 590, 400, 200 ముక్కలు పెట్టించండి. రంపపు కోతకు ఒక్కోచోట 3 మి.మీ. పోయినా సరిపోతుంది. ఎండీఎఫ్ అసలు మందం 16 వచ్చినా, 18 వచ్చినా లోపలి 570 మార్చకండి. పెరిగితే బయటి వెడల్పు పెరుగుతుంది, అంతే. కానీ కంట్రోల్ ప్యానెల్ కొలతలన్నీ ఆ 570 మీదే నిలబడి ఉన్నాయి.

కోత, బిగింపు

ముందు ఒక పక్క పలకను జిగ్‌సాతో కోసి, గరుకు కాగితంతో అంచు సరిచేసి, దాన్నే అచ్చుగా పెట్టి రెండోదాన్ని గీయండి. విడివిడిగా కొలిచి కోస్తే రెండూ ఎప్పుడూ కలవవు. లోపలికి తిరిగే మూలలు రెండు, (200, 130), (308, 484). అక్కడ వృథా వైపు 8 మి.మీ. రంధ్రం ముందే వేస్తే బ్లేడు తిరగడానికి చోటుంటుంది. ఎండీఎఫ్ పొడి చాలా సన్ననిది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, వీలైతే ఆరుబయట కోయండి.

ఎండీఎఫ్ అంచులోకి నేరుగా మర దింపితే పొరలు విచ్చుకుంటాయి. అందుకే పక్క పలకల లోపలి వైపు 20 × 20 మి.మీ. రీపర్లు బిగించి, మిగతా పలకలను వాటికి బిగిస్తాం. రీపర్‌ను అంచు నుంచి ఎంత లోపలికి పెట్టాలంటే, ఆ చోట వచ్చే పలక మందానికి 5 మి.మీ. కలిపి. అప్పుడు పలకలన్నీ పక్కల కన్నా 5 మి.మీ. లోపలికి ఉండి చిన్నచిన్న తేడాలు కనబడవు. రీపర్‌కు జిగురు రాసి 3.5 మి.మీ. మరలతో లోపలి నుంచి బిగించండి. ముందుగా 2.5 మి.మీ. రంధ్రం వేయాలి. మర పొడవు 30 మి.మీ. దాటొద్దు, రీపరూ పలకా కలిపి 35 మి.మీ.లే, పొడుగు మర బయటి ముఖాన్ని చీల్చుకొస్తుంది.

అడుగు పలక, ముందు పట్టీ, పైకప్పు, స్పీకర్ల పలక జిగురుతో శాశ్వతంగా. ప్రతి మూలా మూలమట్టంతో చూసుకుంటూ పోండి. జిగురు ఆరాక పెట్టె మెలిక తిరిగి ఉంటే దాన్ని సరిచేసే దారి లేదు. వెనక పలక, కంట్రోల్ ప్యానెల్ మాత్రం మరలతోనే, జిగురు తగలకూడదు. వెనక పలక అడుగున చిన్న సందు మిగులుతుంది, కరెంటు వైరు బయటికి రావడానికీ, చల్లగాలి లోపలికి రావడానికీ అదే దారి. వేడి గాలి పోవడానికి పలక పైభాగంలో 25 మి.మీ. రంధ్రాలు ఆరేడు వేయండి. లోపల వేడెక్కితే పై 4 చిప్ 80 డిగ్రీల దగ్గర తన వేగం తానే తగ్గించుకుంటుంది, మంచి ఊపులో ఉన్న ఆట సాగదీసినట్టవుతుంది.

రంగు ఇప్పుడే, లోపల ఏదీ బిగించకముందు. ఎండీఎఫ్ అంచులు రంగును స్పంజిలా పీల్చేస్తాయి. నీళ్లు కలిపిన చెక్క జిగురును అంచులకు రెండు పూతలు పూసి, ఆరాక 180, ఆపైన 240 నంబరు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, అప్పుడు రంగు. ముఖానికి ఒక పూత సరిపోయిన చోట అంచుకు మూడు పడుతుంది. తెర చుట్టూ లోపలి భాగాలకు మెరుపు లేని నలుపు వేయండి, లేకపోతే బొమ్మ వెలుగు పక్కల మీద ప్రతిఫలిస్తుంది.

కంట్రోల్ ప్యానెల్

570 × 200 మి.మీ., 6 మి.మీ. ప్లైవుడ్. ఎడమ అంచు నుంచి దూరం, ఆటగాడి వైపు అంచు నుంచి దూరం, ఈ వరసలో రంధ్రాల మధ్య బిందువులు:

మొదటి ఆటగాడి స్టిక్కు (70, 95), రంధ్రం 24 మి.మీ.
కింది వరస బటన్లు (135, 80), (171, 98), (207, 98).
పై వరస (135, 118), (171, 136), (207, 136).
కాయిన్ (55, 162), స్టార్టు (90, 162).
హాట్‌కీ (240, 162), ఇద్దరికీ కలిపి ఒక్కటే.

రెండో ఆటగాడికి హాట్‌కీ వదిలేసి, మిగతావాటి మొదటి అంకెకు 290 కలపండి. స్టిక్కు పలక పొడవు ముందు-వెనక దిశలో ఉండాలి, అడ్డంగా పెడితే పక్క రీపర్‌కు తగులుతుంది. బటన్ల మధ్య దూరం 36 మి.మీ. కన్నా తగ్గించకండి, కింద నట్టులు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

రంధ్రాలకు 30, 24 మి.మీ. ఫోర్స్‌నర్ బిట్లు వాడండి. ముందుగా పనికిరాని ముక్క మీద ఒక రంధ్రం వేసి బటన్ పెట్టి చూడండి. బటన్ల కొలతల్లో అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండటం మామూలే. ప్లైవుడ్ కింద మరో చెక్క ఆనించి, మెల్లగా తిప్పండి. ఆనింపు లేకపోతే బిట్ అవతలికి వచ్చేచోట పొర లేచిపోతుంది. స్టిక్కును తల లోపలికి దిగే ఎం4 బోల్టులతో పైనుంచి బిగించాలి. చెక్క మరలు 6 మి.మీ. ప్లైవుడ్‌లో నెల తిరక్కుండానే వదులవుతాయి. ప్యానెల్ కింద వెనక అంచునా, ముందు అంచునా, ఎడమ అంచు నుంచి 275 మి.మీ. దగ్గర నిలువుగానూ రీపర్లు అతికించండి. ఆ మధ్య రీపర్ లేకపోతే ఆవేశంగా నొక్కినప్పుడల్లా ప్యానెల్ డప్పులా మోగుతుంది.

వైరింగ్

బటన్ కింద రెండు కాళ్లే ఉంటే ఏ వైరు ఎటు పెట్టినా ఒకటే. విడి మైక్రోస్విచ్ ఉన్న బటన్‌కు మూడు కాళ్లుంటాయి: కామ్ (ఉమ్మడి కాలు), ఎన్‌ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). మనకు కావాల్సింది కామ్, ఎన్‌ఓ. ఎన్‌సీకి పెడితే అంతా తలకిందులు: నొక్కకపోతే నొక్కినట్టు, నొక్కితే వదిలేసినట్టు. ఆట మొదలవగానే బొమ్మ దానంతట అదే కాల్పులు జరుపుతుంటే ముందు ఇదే చూడండి. వైరు చివరి క్లిప్పులు రెండు కొలతల్లో వస్తాయి, 2.8 మి.మీ., 4.8 మి.మీ. జపాన్ తరహా బటన్లకు చిన్నవి, మైక్రోస్విచ్ రకానికి పెద్దవి. కిట్టుతో వచ్చినవి సరిపోకపోతే సరైన క్లిప్పులు తెచ్చుకోండి. వంచి, నొక్కి పెట్టినవి ఆట మధ్యలో ఊడిపోతాయి.

స్టిక్కుకు నాలుగు విడి స్విచ్‌లు ఉంటే ఒక చిక్కుంది. కాడ పైకి తోస్తే దాని అడుగు భాగం కిందివైపు స్విచ్‌ను నొక్కుతుంది. అంటే "పైకి" వైరు కిందివైపు స్విచ్‌కు, "ఎడమ" వైరు కుడివైపు స్విచ్‌కు పోవాలి. ఐదు పిన్నుల కనెక్టర్ ఉన్న స్టిక్కుకు ఈ గొడవ లేదు. దిక్కులు తిరగబడితే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు. ఇద్దరు ఆటగాళ్లకూ ఒకే వరసలో వైర్లు పెట్టి, ప్రతిదానికీ కాగితం ముక్క అతికించి పేరు రాయండి.

తెర, మార్కీ, కరెంటు

140 మి.మీ. అడ్డపలకకు నాలుగు వెసా రంధ్రాలు వేసి, ఎం4 × 25 మి.మీ. మరలు, వాషర్లతో మానిటర్ బిగించండి. పలక మందం పోను మర 8 నుంచి 9 మి.మీ. లోపలికి దిగితే చాలు. అంతకన్నా పొడవైనది మానిటర్ లోపలి బోర్డును గుచ్చుతుంది. తర్వాత అడ్డపలక రెండు చివరలను పక్క రీపర్లకు బిగించాలి. మానిటర్ చుట్టూ మిగిలే ఖాళీని నల్లటి దళసరి అట్టతో మూయండి. తెర కనిపించే కిటికీని మానిటర్ వెలిగించి, కొలిచి మరీ కోయాలి. పైన 3 మి.మీ. అక్రిలిక్ పెడితే తుడుచుకోవడం సులువు, కానీ దీపం కాంతి అందులో మెరుస్తుంది. చవకగా కట్టేవాళ్లు దాన్ని వదిలేసినా నష్టం లేదు.

మార్కీకి పాల రంగు అక్రిలిక్ పట్టీ, దాని ముందు ముద్రించిన కాగితం, వెనక 5 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ. ఆ పట్టీకి కరెంటు పై బోర్డు నుంచి లాగకండి, వేరే అడాప్టర్ పెట్టండి. స్పీకర్లకూ అంతే: యూఎస్‌బీ స్పీకర్లు పై బోర్డు నుంచే కరెంటు తీసుకుంటే వెనకాల సన్నగా ఝుమ్మనే మోత వస్తుంటుంది, విడి అడాప్టర్‌తో చాలాసార్లు పోతుంది.

లోపల స్విచ్ ఉన్న ఒక మంచి పవర్ స్ట్రిప్ బిగించి, మానిటర్, పై, ఎల్‌ఈడీ, స్పీకర్లు అన్నీ దానికే కలపండి. బయటికి ఒక్క వైరే రావాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు చెక్కపెట్టెలో పనికిరావు. అంతా అయ్యాక బరువు సుమారు 20 కిలోలు ఉంటుంది. అడుగున ఆరు రబ్బరు కాళ్లు కొట్టండి, లేకపోతే పోట్లాట ఆటల్లో పెట్టె బల్ల మీద జారుతుంది.

సాఫ్ట్‌వేర్

రెట్రోపై ఇమేజ్‌ను కార్డు మీదికి ఎక్కించి మొదటిసారి వెలిగించగానే బటన్లు అడుగుతుంది. లేని బటన్ అడిగినప్పుడు ఏదో ఒకదాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే దాటిపోతుంది. హాట్‌కీ అడిగినప్పుడు సెలెక్ట్ ఇవ్వకుండా మన విడి బటన్ ఇవ్వండి. సెలెక్ట్ అంటే మన పెట్టెలో కాయిన్ బటనే. దాన్నే హాట్‌కీ చేస్తే కాయినూ స్టార్టూ ఒకేసారి నొక్కిన ప్రతిసారీ ఆట మూసుకుపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది రోజూ జరిగేదే.

ఆట ఫైలు పెట్టినా నడవడం లేదంటే పది సార్లకు తొమ్మిది సార్లు కారణం వెర్షన్ తేడా. 1997 ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చిన మేమ్ ఎమ్యులేటర్ (పాత ఆట యంత్రాలను కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్) మారుతున్నకొద్దీ ఫైళ్ల సెట్లూ మారుతూ వచ్చాయి. లిబ్‌రెట్రో మేమ్ 2003 అనే రకానికి మేమ్ 0.78 వెర్షన్ సెట్టే కావాలి. ఫైనల్‌బర్న్ నియో అనే మరో ఎమ్యులేటర్‌కు తాజా సెట్టు. జిప్ ఫైళ్లను విప్పకూడదు, పేరు మార్చకూడదు. నియో జియో ఆటలకు నియోజియో జిప్ (ఆ యంత్రపు బయోస్ ఫైలు) కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. ఈ ఆటల్లో అత్యధికం ఇప్పటికీ కాపీరైటు కిందే ఉన్నాయి. సొమ్ము చేసుకోని వాడకానికి హక్కుదారులు వదిలేసిన గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి మేమ్ అధికారిక సైటులోనే దొరుకుతాయి. పెట్టె పరీక్షించడానికి అవి చక్కగా పనికొస్తాయి.

బొమ్మ నిష్పత్తిని "ఫుల్" పెట్టకుండా ఎమ్యులేటర్ ఇచ్చిందే ఉంచండి. 1280 × 1024 తెర మీద పైనా కిందా 32 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీ మిగులుతుంది, అది సహజమే. ఒకే రకం ఎన్‌కోడర్లు రెండు ఉన్నప్పుడు కంప్యూటర్ వాటిని యూఎస్‌బీ పోర్టు వరసను బట్టే గుర్తుపడుతుంది. ఒకటో ఆటగాడి స్టిక్కు రెండోవాడి బొమ్మను ఆడిస్తుంటే పోర్టులు మార్చి చూడండి. సరిపోయాక ఆ పోర్టుల మీద గుర్తు పెట్టి మళ్లీ కదపకండి.

ఆట ముగిశాక మెనూలోంచి షట్‌డౌన్ ఇచ్చి, పై బోర్డు మీద పచ్చ దీపం ఆగిపోయాకే పవర్ స్ట్రిప్ ఆపాలి. కార్డు మీద రాత నడుస్తుండగా కరెంటు తీస్తే ఏదో ఒక రోజు పెట్టె అసలు వెలగదు. అన్నీ కుదిరిన రోజునే కార్డు మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి వేరే కంప్యూటర్‌లో దాచుకుంటే, ఆ రోజు వచ్చినప్పుడు కొత్త కార్డు మీదికి ఎక్కించి గంటలో మళ్లీ ఆటలో కూర్చోవచ్చు.